కుడి రెక్క పలక

రాత 1. మధ్యాహ్నం 1:40. పెన్నగట్టు విమానాశ్రయం.

చక్రాలు చూశాను. తలుపులు చూశాను. బ్యాటరీ గదులు చూశాను. రెక్కల వెనక అంచున దిగే పలకలు, ఎడమదీ కుడిదీ, పూర్తిగా దిగడం, తిరిగి పూర్తిగా పైకి పోవడం చూశాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి.

విమానం నంబరు తొమ్మిది. ప్రయాణికులు అరవై నలుగురు. సిబ్బంది ఇద్దరం. రాతమనిషిని నేను, పరాంకుశం, వయసు యాభై ఎనిమిది. క్యాబిన్ చూసుకునేది జెస్సీరత్నం. నడిపేది సారథి, అంటే యంత్రం. వెళ్లేది సముద్రంలో తెప్పల మీద కట్టిన కొత్తరేవుకి. గంటా పది నిమిషాల దారి.

యంత్రాలు తమ రికార్డులు తామే దిద్దుకుంటున్నాయని బయటపడ్డ ఏడాది నుంచి కోర్టులో ఫోటో నిలవదు, గొంతు నిలవదు, నోటిమాటా నిలవదు. ముద్ర వేసిన చూపుపుస్తకంలో ప్రమాణం చేసిన మనిషి పెన్నుతో రాసిందే నిలుస్తుంది. రాసింది మనిషేనని నమ్మకం కుదరడానికి వాడి కోపాలూ నొప్పులూ కూడా రాయాలట. ఆ పనికి నన్ను మించినవాడు దొరకడు. అందుకని రాస్తున్నాను: టీలో అల్లం ఎక్కువైంది. మోకాలు సలుపుతోంది. మెకానిక్ మస్తాన్‌వలి టీకొట్టు దాకా వచ్చి ఏదో చెప్పబోయాడు. అతనికి రోజూ ఏదో ఒకటి ఉంటుంది.

రాత 2. 2:25. గాలిలో.

కొండలు దాటాం. సారథి నిమ్మకు నీరెత్తినట్టు నడుపుకుపోతోంది. ముందు అద్దం వెనక ఒక కుర్చీ, ఒక బల్ల, బల్లకి గొలుసుతో కట్టిన పెన్ను, ఇదీ నా రాజ్యం. ఇదే చోట కూర్చుని తొమ్మిదేళ్లు చేత్తో విమానం నడిపాను. పదకొండేళ్ల కింద సారథి వచ్చింది. నడిపే కర్ర పీకేశారు, కాళ్లతో తొక్కే పెడళ్లు పీకేశారు, నన్ను మాత్రం ఉంచారు. ఉత్సవ విగ్రహాన్నయినా ఏడాదికోసారే ఊరేగిస్తారు, నాకు రోజుకు రెండు ఊరేగింపులు.

జెస్సీరత్నం వేరుశనగ ఉండలు పంచింది. మూడో వరసలో ఒక పెద్దావిడ నన్ను చూసి "మీరేనా బాబూ నడిపేది?" అని అడిగింది. కాదు, రాసేవాణ్ని అన్నాను. ఆవిడ ముఖంలో కాస్త నిరాశ కనిపించింది. నాకు అలవాటే.

తోచక పుస్తకం అట్ట లోపల అచ్చేసిన నియమాలు మళ్లీ చదివాను. ఒకటి, విమానం లెక్కకీ పుస్తకానికీ తేడా వస్తే పుస్తకమే నెగ్గుతుంది, పుస్తకం చెల్లనప్పుడే విమానం లెక్క చూస్తారు. రెండు, పేజీ చింపరాదు, కొట్టివేయరాదు. మూడోది చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పుస్తకంలో ఒక్క రాత అబద్ధమని తేలినా పుస్తకమంతా చెల్లదు, రాసినవాడు తన తప్పు ఒప్పుకున్న ముక్క ఒక్కటి తప్ప. కడివెడు పాలకి ఒక్క విషపుచుక్క లెక్కన్నమాట. అలా ఒప్పుకున్న రాతమనిషిని నేనింతవరకూ చూడలేదు.

రాత 3. 2:59.

కొత్తరేవు కనిపిస్తోంది. దిగడానికి సారథి పలకలు దించింది. ఎడమ పలక రెండో మెట్టు దాకా దిగింది. కుడిది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. విమానం ఒక్కసారిగా కుడికి ఒరిగింది. జెస్సీరత్నం చేతిలో ఖాళీ కప్పుల పళ్లెం ఎగిరిపోయి నా బల్ల మీద పడింది.

సారథి రెండు క్షణాల్లో సర్దుకుని విమానాన్ని నిలబెట్టింది. లేని పెడళ్లని నా కాళ్లు తొక్కుతున్నాయి. బూటు మడమ ఉత్త నేల మీద జారింది. అప్పుడు తెలిసింది నాకు, శరీరం ఏదీ మర్చిపోదని.

"పలకల మధ్య వ్యత్యాసము ఏర్పడినది. రెండింటినీ ఉన్నచోటనే బిగించితిని. ఇక కదల్చరాదు" అంది సారథి. దాని భాష ఎప్పుడూ అంతే, పాత పాఠ్యపుస్తకం మింగినట్టు ఉంటుంది.

రాత 4. 3:04.

చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. పలకలు పూర్తిగా దిగితేనే విమానం నెమ్మదిగా ఎగరగలదు. అవి దిగకుండా వేగం తగ్గిస్తే పైనుంచి పడిపోతుంది. కనక వేగంగానే నేలకి తగలాలి. గంటకి నూట యాభై కిలోమీటర్లతో దిగాల్సింది రెండు వందల అరవైతో దిగాలి. దానికి రెండు కిలోమీటర్ల రన్‌వే కావాలి. కొత్తరేవు తెప్ప ఏడు వందల మీటర్లు.

పాతకాలంలో అయితే గాలిలో తిరిగి తిరిగి ఇంధనం కాల్చేసి బరువు తగ్గించుకునేవాళ్లం. బ్యాటరీ ఖాళీ అయినా బరువు బరువే. తిరిగితే పోయేది సమయం ఒక్కటే. వంకరగా ఉన్న రెక్కలతో ఎగరడానికి ఖర్చు కూడా ఎక్కువ. ఇంకా నలభై నాలుగు నిమిషాలు అంది సారథి. నీళ్లలో దించుదామా అని అడిగాను. ఆ వేగంతో సముద్రం గోడలా తగులుతుంది, ఎవ్వరూ మిగలరు అని చెప్పింది.

"తగినంత పొడవు గల రన్‌వే నా జాబితాలో లేదు" అంది.

ఉండదు. ఈ పలకలు ఎంత బాగా పనిచేస్తాయంటే, ఇక పొడుగు రన్‌వేలు ఎందుకని అన్నీ తవ్వేశారు. ఒక్కటి మిగిలిందని నాకు తెలుసు. పాతమిట్టలో రెండు కిలోమీటర్ల రెండు వందల మీటర్లు. నేను విమానం దించడం నేర్చుకున్నది దాని మీదే. చెప్పాను.

"అది నా పటంలో వ్యవసాయ స్థలముగా నమోదైనది" అంది సారథి.

నిజమే. ఇప్పుడక్కడ మిరపకాయలు ఆరబోస్తున్నారు. ఇది ఫిబ్రవరి నెల. కాయంతా కల్లం మీదే ఉంటుంది.

రాత 5. 3:12.

పాతమిట్ట వైపు తిరిగాం. పదిహేను నిమిషాల దారి. సారథి కల్లం ఫోను నంబరు పట్టుకుని కలిపింది. చాలాసేపు మోగాక ఒకావిడ తీసింది.

"ఎవురది?"

నా పేరు చెప్పి విమానంలోంచి మాట్లాడుతున్నానని చెప్పాను. నమ్మలేదు. మళ్లీ చెప్పాను. ఆవిడ పేరు ఆదెమ్మ, కల్లం పెద్ద. నలభై కుటుంబాల కాయ ఆవిడ చేతి కింద ఉంది.

"ఏందయ్యా నువ్వనేది? ఈ చివర్నించి ఆ చివరికి కాయే పోసుంది. ఇయ్యాల దిగుతానంటే యాడ దిగుతావు?"

మధ్యలో ఇరవై మీటర్ల వెడల్పున బాట తీస్తే చాలమ్మా అన్నాను.

"ఎంతసేపుంది?"

"అరగంట."

"లోపల ఎంతమందున్నారు?"

"అరవై ఆరు మంది. పిల్లలు తొమ్మిది మంది."

ఆవిడ ఇంకేం అడగలేదు. ఫోను పెట్టేయలేదు కూడా, అలాగే ఎక్కడో పడేసి పోయింది. ఆవిడ కేకలు వినిపిస్తున్నాయి. "రోశమ్మా, పట్టాలు లాగండే. బాజీ, టాకటేరు తియ్యరా. కాయ మొగం చూడబాకండి, పక్కకి నెట్టండి." తర్వాత చీపుళ్ల చప్పుడు, కాయ పోసిన ప్లాస్టిక్ పట్టాలు ఈడ్చే చప్పుడు, జనం దగ్గు. ఎండుమిరప రేగితే ఊపిరాడదు. చెవి దగ్గర ఫోను పెట్టుకుని వినడం తప్ప నేను చేసేదేం లేదు.

జెస్సీరత్నం వచ్చింది. "ఏం చెప్పమంటారండి వాళ్లకి?"

"నిజం చెప్పు. కింద మనకోసం బాట తీస్తున్నారని చెప్పు."

"తీసేత్తారాండి?"

తెలియదన్నాను. ఆ అమ్మాయి క్యాబిన్‌లోకి వెళ్లింది. ప్రయాణికులకి ఒక్క ముక్క దాచకుండా, తడబడకుండా చెప్పింది. నాకు ఆ అమ్మాయిని చూస్తే గర్వంగా అనిపించింది.

రాత 6. 3:20.

ఈ పుస్తకం నిప్పుకి కాలని పెట్టెలో ఉంటుంది. మేం మిగలకపోయినా ఇది మిగులుతుంది. మిగిలాక ఏం జరుగుతుందో నాకు తెలుసు. విచారణవాళ్లు మొదటి పేజీ తీస్తారు. పలకలు చూశాను, సవ్యంగా ఉన్నాయి అని ఉంటుంది. రాతమనిషి చూసి బాగుందన్నాక పలక బిగుసుకుపోయిందంటే ఆ తర్వాత ఎవరో పాడుచేసి ఉండాలి. నా తర్వాత విమానం ముట్టుకున్నది మస్తాన్‌వలి ఒక్కడే. అతన్ని జైలులో వేస్తారు. అతని మాట ఎవరూ వినరు, ఎందుకంటే మెకానిక్‌కి పుస్తకం ఉండదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది. అయినా రాస్తున్నాను.

నేను పలకలు చూడలేదు. చక్రాలూ చూడలేదు, తలుపులూ చూడలేదు. మొదటి రాత టీకొట్టు బల్ల మీద రాశాను. రోజూ అక్కడే రాస్తాను. పెన్నగట్టులో రాతమనుషులం పన్నెండుమందిమి, అందరమూ అక్కడే రాస్తాం. టీ వచ్చేలోపు అన్నీ చూశామని రాసెయ్యాలని మాలో మాకొక పందెం. నేను ఎప్పుడూ గెలుస్తాను. సారథి పొరపాటు చేయదని అందరికీ తెలుసు. ఇక ఎండలో విమానం చుట్టూ తిరిగి చూసేదేముందని నవ్వుకునేవాళ్లం.

ఈ రోజు మస్తాన్‌వలి టీకొట్టుకి వచ్చింది ఇందుకే. "సార్, కుడి పలక కాస్త బరువుగా దిగుతా ఉంది. ఒక్కసారి వచ్చి చూసి రాయండి సార్, నేను చెప్తే విమానం ఆపరు" అన్నాడు. అప్పటికే అన్నీ చూశానని రాసేశాను. కొట్టివేయడానికి లేదు. "నువ్వు చూశావు కదయ్యా, చాలు" అన్నాను. అతను ఇంకా నిలబడే ఉన్నాడు. టీ తాగుతావా అని అడిగాను. వద్దని వెళ్లిపోయాడు.

ఎగిరేముందు సారథి కూడా అడిగింది. కుడి పలక ఒక క్షణమున్నర ఆలస్యముగా కదిలినది, మీరు చూచితిరా అని. పుస్తకంలో ఉంది అన్నాను. పుస్తకమే నెగ్గుతుంది కదా. మారు మాట్లాడకుండా ఎగిరింది.

తప్పు నాది. మస్తాన్‌వలిది కాదు, సారథిది కాదు. సిగ్గుగా ఉంది. భయంగా కూడా ఉంది. పరాంకుశం.

రాత 7. 3:29.

పాతమిట్ట కింద కనిపిస్తోంది. నేల మీద రెండు కిలోమీటర్ల ఎర్రటి పట్టీ, దాని మధ్యలో సన్నగా బూడిదరంగు బాట. బాటకి రెండు వైపులా చీమల్లా మనుషులు.

జాబితాలో లేని చోట దిగాలంటే ఒక నియమం ఉంది. అడ్డం ఏమీ లేదని రాతమనిషి కంటితో చూసి, రాసి, ఆ రాతని పైకి చదవాలి. అప్పుడే సారథికి అనుమతి. నా చేతిలో కర్ర లేదు, పెడళ్లు లేవు, ఈ ఒక్క మాట ఉంది.

తక్కువ ఎత్తులో ఒకసారి దాని మీదుగా పోయాం. అద్దానికి ముఖం ఆనించి చూశాను. మొదటి సగం బాగానే ఉంది. అవతలి చివర బాట నడిమధ్య ఒక ట్రాక్టరు ఆగి ఉంది. వెనక ట్రాలీ నిండా మిర్చి టిక్కీలు, మనిషెత్తు బస్తాలు. పది పదిహేనుమంది దాన్ని తోస్తున్నారు. కదలడం లేదు.

"చూచితిరా?" అంది సారథి.

రాయలేదు. బ్యాటరీ పంతొమ్మిది నిమిషాలు. చుట్టూ తిరిగి రావడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది.

రాత 8. 3:35.

ఫోనులో ఆదెమ్మ గొంతు రొప్పుతూ వచ్చింది. "టాకటేరు ఇంజను ఆగిపోయిందయ్యా. మిరపపొడి పట్టేసింది. బాజీగాడికి కళ్లు కనపడటంల్యా. టిక్కీలన్నా దించి తోస్తన్నాం. నువ్వు తొందరపడబాక."

తొందరపడనని చెప్పాను. నేను తొందరపడకపోవడమనేది నా చేతిలో లేదని చెప్పలేదు.

జెస్సీరత్నం నా కుర్చీ వెనక నిలబడి ఉంది. "ఇందాకే దిగాల్సింది కదండి. ట్రాక్టరు చివర్లో కదా ఉంది. అక్కడి దాకా పోకముందే ఆగిపోతామేమో."

"ఆగకపోతే? ట్రాలీ చుట్టూ పదిహేనుమంది ఉన్నారు."

"మనవాళ్లు అరవై ఆరు మంది ఉన్నారండి." మెల్లగా అంది. "పదకొండేళ్ల నించి టీకొట్టు దగ్గరే రాత్తన్నారు కదండి, అన్నీ చూశానని. ఇదొక్కటి రాసెయ్యలేరా సార్?"

తెలుసన్నమాట. అందరికీ తెలిసే ఉంటుంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువంటారు, నాకు ఉలుకు కూడా రాలేదు. ఆ అమ్మాయి కోపంతో అనలేదు, ఏడుపు ఆపుకుంటూ అంది. చూడకుండా రాసినందుకే ఇక్కడ ఉన్నామని చెప్పాను.

వెళ్లి పిల్లల పక్కన కూర్చుంది. తలలు మోకాళ్ల మీదికి వంచమని చెబుతోంది. నేను ఆ ట్రాక్టరుని ఇక్కణ్నించి తోయగలిగితే బాగుండును. వేళ్లు అద్దాన్ని నెడుతున్నాయి. తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

రాత 9. 3:42.

మళ్లీ వచ్చాం. బ్యాటరీ ఆరు నిమిషాలు. ఇక మూడోసారి లేదు.

ఈ చివర చూశాను. మధ్య చూశాను. పట్టా ఒకటి గాలికి బాట మీదికి మడత పడింది, ఇద్దరు ఆడవాళ్లు దాని మీద పడుకుని మరీ లాగేశారు. చూశాను. ట్రాక్టరు బాట దాటింది. ట్రాలీ వెనక చక్రం ఇంకా అంచు మీద ఉంది. ఉంది. ఉంది. దాటింది. మనుషులు పరిగెత్తుతున్నారు. ఎర్రచీర కట్టుకున్నావిడ ఒక్కతే నిలబడి రెండు చేతులూ ఊపుతోంది. ఆవిడ కూడా పక్కకి దూకింది.

బాట మీద అడ్డం ఏమీ లేదు. చూశాను.

పైకి చదివాను. "ధన్యవాదములు" అంది సారథి.

రాత 10. 4:05. నేల మీద.

ప్రాణాలతో ఉన్నాం. అరవై ఆరు మందిమీ.

చక్రాలు తగలగానే కుడివైపు రెండు టైర్లు పేలాయి. విమానం కుడికి లాగేసింది. ఇరవై మీటర్ల బాట చాల్లేదు. కుడి రెక్క కింద, బాట పక్కకి నెట్టిన మిరపకుప్పల్లోంచి దూసుకుపోయాం. అద్దం అంతా ఎర్రటి పొడి. ఏమీ కనిపించలేదు. సారథి ఆపుతూనే ఉంది. రన్‌వే ఇంకో తొంభై మీటర్లు ఉందనగా ఆగాం.

జారుడుబల్లల మీంచి అందరినీ దించాం. పిల్లలూ పెద్దలూ అందరూ తుమ్ముతున్నారు, దగ్గుతున్నారు, ముక్కులూ కళ్లూ కారుతున్నాయి. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరికి ఘాటెక్కిందో చెప్పలేం. మూడో వరస పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని "నువ్వే దించావు కదూ బాబూ" అంది. కాదమ్మా అన్నాను. వినలేదు.

జెస్సీరత్నం వచ్చి నా పక్కన నిలబడింది. "ఆ పదిహేనుమంది కూడా ఉన్నారండి, లెక్కపెట్టాను" అంది.

విచారణ ఇన్‌స్పెక్టర్ బయల్దేరాడని సారథి చెప్పింది. గంటలో వస్తాడు. పుస్తకం సిద్ధంగా ఉంచాలి.

రాత 11. 4:40.

ఎర్రచీర ఆవిడే ఆదెమ్మ. యాభై ఏళ్లుంటాయి. ముక్కుకి అడ్డంగా తడిగుడ్డ కట్టుకుంది, కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. వచ్చి విమానం రెక్క కింద నిలబడి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఫోన్లో మాట్లాడింది నువ్వేనా?"

"నేనేనమ్మా." దండం పెట్టాను. అంతకు మించి ఏం చెయ్యాలో తెలియలేదు.

"నువ్వు రాసేవోడివంట గదా. నువ్వు రాస్తే చెల్లుద్దంట."

అవునన్నట్టు తలూపాను.

"మాకు ఈడ కల్లం పెట్టుకోనిచ్చేటప్పుడు ఒక షరతు పెట్టారయ్యా. ఎప్పుడన్నా ఇమానం దిగాల్సొస్తే అడ్డం లేకండా తియ్యాలని. తియ్యకపోతే లేపేస్తాం అన్నారు. మాకు ఇంకో చోటు ల్యా. పొలాల్లో ఆరబోస్తే నేల చెమ్మకి కాయ నల్లబడిపోద్ది. ఇందాక మీ ఇమానమే చెప్తాంది, రన్‌వే మీద అడ్డంకులు ఉండెను అని పైవోళ్లకి. అట్టా చెప్తే ఎట్టా? మేం తీశాం గదా. నువ్వు చూశావు గదా. తీశామని రాయి. నేనడిగేది అంతే."

అప్పటికి గాని నాకు వెలగలేదు. మూడో నియమం చదివి నవ్వుకున్నవాణ్ని, ఆరో రాత రాసేటప్పుడు నాకు మస్తాన్‌వలి ఒక్కడే కనిపించాడు. ఆరో రాత నిలుస్తుంది, ఎందుకంటే అది నేను నా మీద రాసుకున్నది. దాని ముందూ వెనకా ఉన్నదంతా పోతుంది. ట్రాక్టరు పోతుంది, చీపుళ్లు పోతాయి, పట్టా మీద పడుకున్న ఇద్దరు ఆడవాళ్లు పోతారు. విమానం చెప్పినదానికి ఎదురు నిలబడే పుస్తకం ఇక ఉండదు. పేజీ చింపితే చింపినందుకే పుస్తకం చెల్లదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, నాకు నుయ్యీ గొయ్యీ రెండూ నేను తవ్వుకున్నవే.

అంతా ఆవిడకి చెప్పాను. దాచడానికి మనసొప్పలేదు.

ఆవిడ ఓపిగ్గా విన్నది. "అంటే, మద్దేనం నువ్వు చూడకండా చూశానని రాశావు."

"అవునమ్మా."

"ఇప్పుడు చూసి రాసినా చెల్లదు."

"చెల్లదు."

"ఆ తప్పు ఒప్పుకోకపోతే?"

"పలక బరువుగా దిగుతోందని నాకు ముందే చెప్పిన మెకానిక్ జైలుకి పోయేవాడు."

ఆదెమ్మ తలెత్తి పలకని చూసింది. అది ఇంకా అలాగే ఉంది, ఎడమదానికన్నా మెట్టు తక్కువగా, అంచున ఎండుకాయలు ఇరుక్కుని.

"చెప్పినోడు జైలుకి, తీసినోళ్లు రోడ్డుకి" అంది. "నువ్వు మాత్రం రాస్తానే ఉంటావు."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆవిడ వెనక్కి తిరిగి తన మనుషుల వైపు నడిచింది.

రాత 12. 5:10.

ఆదెమ్మ ఆ చివర ట్రాలీ ఎక్కి తన మనుషుల్ని పేరుపేరునా పిలుస్తోంది, ఎవరికైనా ఏమైనా అయిందేమోనని. పిలిచిన ప్రతి పేరుకీ ఎక్కణ్నించో "ఉండా" అని జవాబొస్తోంది. నన్ను ఎవరూ రాయమనలేదు. రెక్క నీడలో కూర్చుని రాస్తున్నాను.

రోశమ్మ. పల్లపు కోటమ్మ. చిన ఏసోబు. వెంకాయమ్మ, ఆమె కూతురు శేషు. పట్టా మీద పడుకున్నది వీళ్లిద్దరే, చీరలు గుర్తుపట్టాను. గాలెయ్య. సైదమ్మ. మార్తమ్మ. షేక్ బాజీ పేరు మూడుసార్లు పిలిచినా జవాబు రాలేదు. నాలుగోసారి ట్రాలీ కింద నుంచి చెయ్యెత్తాడు. కళ్లకి తడిగుడ్డ కట్టుకుని పడుకుని ఉన్నాడు, రెప్పలు వాచిపోయి తెరుచుకోవడం లేదు. జెస్సీరత్నం విమానంలో మిగిలిన మంచినీళ్లన్నీ మోసుకెళ్లి అతని కళ్లు కడుగుతోంది.

తర్వాత నాగులు, పెదబాబు, లూర్దమ్మ. చేయి నొప్పి పుడుతోంది. పదకొండేళ్లలో ఒక్క రోజులో ఇంత రాయలేదు. మిగతా పేర్లు వెనక పేజీల్లో ఉన్నాయి, ఒక్కటీ వదల్లేదు. మొత్తం నూట పద్నాలుగు.

జీపు గేటు దగ్గర ఆగింది. ఇన్‌స్పెక్టర్ దిగి ముక్కుకి రుమాలు కట్టుకుంటున్నాడు. ఇంకో రెండు నిమిషాల్లో ఈ పుస్తకం అడుగుతాడు. ఒక్క పేజీ ఉంచుకుని మిగతాది చెల్లదని ముద్ర వేస్తాడు. పెన్నగట్టులో నా స్నేహితులు పదకొండుమంది రేపు కూడా టీ వచ్చేలోపు రాసేస్తారు. ఇందులో నేను ఆపగలిగింది ఏదీ లేదు.

అయినా రాస్తున్నాను. నూట పద్నాలుగు మంది అరగంటలో రెండు కిలోమీటర్ల బాట తీశారు. చూశాను. తీసిన కాయలో మూడోవంతు మా రెక్క కింద నుజ్జయిపోయింది. చూశాను. ఇప్పుడు వాళ్లు చీపుళ్లు పట్టుకుని, మిగిలిన కాయని మళ్లీ బాట మీదికి పరుస్తున్నారు, ఎండ ఇంకా కాస్త ఉందని.

చూశాను.